కల్లం నుంచి ఇంటికి

(చిట్యాల ఐలమ్మ నలభయ్యో వర్ధంతి నాడు కొడకండ్లలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. నేటికి నలభై ఏండ్లు. ఏటా ఈ రోజు ఆమె తెగువ గురించి చెప్పుకుంటున్నాం. 2024లో ఇదే రోజున కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్టు ముఖ్యమంత్రి ప్రకటించారు. ఆమె తెగువ గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. అందుకని నేను ఆమె వడ్ల గురించి మాట్లాడతాను.

పాలకుర్తి మనకు పక్క మండలమే. మల్లంపల్లి భూస్వామి దగ్గర ఐలమ్మ కుటుంబం నలభై ఎకరాలు కౌలుకు పట్టి, అందులో నాలుగెకరాలు సాగు చేసిందని చెబుతారు. బట్టలుతికే ఇంటి ఆడమనిషి సొంతంగా ఎవుసం చేయడం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి కంటగింపయింది. భూమి తనదన్నాడు. కోతకొచ్చిన పంట మీదికి మనుషుల్ని తోలాడు. భీమిరెడ్డి నరసింహారెడ్డి వంటి ఆంధ్ర మహాసభ నాయకులు, సంఘం వాళ్లు అడ్డం నిలబడ్డారు. పంట కోసి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు.

ఈ కథలో అర్థశాస్త్రమంతా ఆ చివరి మాటలోనే ఉంది: ఇంటికి చేర్చారు. దున్నేటప్పుడు రాని దొర కోసేటప్పుడు వచ్చాడు. నాటేటప్పుడు ఎవరూ గొడవ పెట్టుకోరు, ఎందుకంటే అప్పుడు మడిలో ఉన్నది ఖర్చే. గొడవంతా కల్లం దగ్గర. గింజ కల్లం నుంచి ఎటు పోతుంది, ఎవరి తూకంతో పోతుంది, ఎవరి పేరు మీద పోతుంది? ఎనభై ఏండ్ల కింద ఐలమ్మ ముందున్నవి ఈ ప్రశ్నలే. ఈ ఏడు కోతలకు మన ముందుండేవీ ఇవే. తేడా ఒక్కటే ఉంది. ఆమె తన గింజను ఇంటికి తెచ్చుకోవడానికి కొట్లాడింది. మన గింజ ఇంటికి రావడమే మానేసింది.

లెవీ అనే మాట

ఆ రోజుల్లో జనగామ నల్లగొండ జిల్లాలో తాలూకా. 1953లో వరంగల్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు 11న తానే జిల్లా అయింది. అప్పుడే మన పాత కొడకండ్ల మండలంలోని కొన్ని ఊళ్లు పెద్దవంగర మండలమై మహబూబాబాద్ జిల్లాకు పోయాయి. గెట్లు మారాయి కానీ మడులూ, మడుల మీద సర్కారు చూపూ మారలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నాడు నిజాం సర్కారు ధాన్యం లెవీ పెట్టింది. పండినదాంట్లో ఇంత భాగం సర్కారు కట్టిన ధరకు అప్పజెప్పాలి. పట్నంలో తిండి కొరత తీర్చాలన్నది దాని ఉద్దేశం. వసూలు చేసేది మాత్రం ఊళ్లో పటేలు, పట్వారీ, వాళ్ల వెనక దేశ్‌ముఖ్. గడీల గుమ్ములు తప్పించుకున్నాయి. చిన్న రైతు తినడానికి దాచుకున్న గింజలు బండ్లెక్కాయి. 1946 జూలై 4న కడవెండిలో సంఘం మనిషి దొడ్డి కొమరయ్య నేలకొరిగే నాటికి వెట్టి, బేదఖళ్లు, లెవీ మూడూ కలిసి ఊళ్లను మండించాయి. లెవీలో దోషం ధాన్యం కొనడం కాదు. ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకు కొన్నారు, తూచినవాడెవడు అన్నదే దోషం.

లెవీ అనే మాట మనల్ని విడిచిపెట్టడానికి డెబ్బై ఏండ్లు పట్టింది. 1965 జనవరిలో భారత ఆహార సంస్థ వచ్చింది, అదే నెలలో వ్యవసాయ ధరల కమిషన్ వచ్చింది. మద్దతు ధర అన్నది అప్పటినుంచి. మన దగ్గర చాలాకాలం వడ్లు కొన్నది మిల్లరు. అతను ఆడించిన బియ్యంలో పెద్ద వాటాను లెవీ కింద సర్కారుకు పెట్టాలి. రైతుకు మద్దతు ధర ఇచ్చానని కాగితం చూపాలి. కాగితంలో ఉన్న ధర చేతిలో పడిందా అని అడిగే దిక్కు లేదు. ఆ మిల్లు లెవీని 2015 అక్టోబరు నుంచి కేంద్రం పూర్తిగా ఎత్తేసింది.

ఈలోపే ఊళ్లల్లో ఇంకో ఏర్పాటు మొదలైంది. మహిళా సంఘాలు కాంటా పట్టుకున్నాయి. ఐకేపీ పేరుతో వాళ్ల కొనుగోలు సెంటర్లు, సహకార సంఘాల సెంటర్లు వచ్చాయి. 2014-15లో తెలంగాణలో సర్కారు కొన్న వడ్లు 24 లక్షల టన్నులు. 2020-21లో 141 లక్షల టన్నులు. ఒకప్పుడు దొర మనుషులు గింజను ఎత్తుకుపోవడానికి వచ్చిన నేల మీద ఇవ్వాళ ఆడవాళ్లు కూర్చుని తేమ చూసి, గింజను తూకం వేసి, కొంటున్నారు. దీన్ని చిన్న మార్పని నేను అనను. ఐలమ్మ చూసి ఉంటే సంతోషపడేది. ఆ తర్వాత, రశీదు ఏదని అడిగేది.

కొనేవాడున్న పంట

మన ప్రాంతం ఒకప్పుడు వరి ప్రాంతం కాదు. నా చిన్నప్పుడు మా ఇంట్లో జొన్న గట్క తిన్నాం. వరి బువ్వ పండుగకో, చుట్టాలొస్తేనో. చెరువు కింద నాలుగు మడులున్న ఇల్లంటే కలిగిన ఇల్లు. మిగిలినదంతా చెలక: జొన్న, సజ్జ, కంది, పెసర, ఆముదం.

ఆ చెలక మడిగా మారింది. 2004 నుంచి ఎవుసానికి ఉచిత కరెంటు వచ్చింది, 2018 జనవరి నుంచి అది 24 గంటలకు పెరిగింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయతో చెరువుల పూడిక తీశారు. శ్రీరాంసాగర్ రెండో దశ, దేవాదుల నీళ్లు కొంత వచ్చాయి. వాటన్నిటికంటే ఎక్కువగా బోర్లు దిగాయి. రాష్ట్రం మొత్తంలో 2014-15లో 68 లక్షల టన్నులున్న వరి దిగుబడి, 2022-23 నాటికి 2.6 కోట్ల టన్నుల దరిదాపుల్లోకి పోయింది. 2023 అక్టోబరు 21న భూపాలపల్లి జిల్లా మేడిగడ్డ దగ్గర కాళేశ్వరం బరాజ్ పిల్లర్ కుంగింది. ఆ తర్వాతి వానకాలం, 2024లో, కాళేశ్వరం ఎత్తిపోత లేకుండానే 66.77 లక్షల ఎకరాల్లో 153 లక్షల టన్నులు పండాయని సర్కారు ప్రకటించింది. మన వరిని ఏ ఒక్క ప్రాజెక్టో పండించలేదు. వాన, బోరు, చెరువు, కరెంటు, కాలువ అన్నీ కలిసి పండించాయి. అయితే నీళ్లుంటే వరే ఎందుకు? ఇంకోటి ఎందుకు వేయం?

లాభం ఎక్కువని కాదు. మీకు తెలియని సంగతి కాదు గానీ ధరలు ఒకసారి వరసగా చూద్దాం. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర ఏ గ్రేడు వడ్లకు 2,389 రూపాయలు, మక్కలకు 2,400, సంకరజాతి జొన్నలకు 3,699, కందులకు 8,000. జొన్నకు క్వింటాలుకు వరికంటే 1,310 ఎక్కువ. దిగుబడి తక్కువ, పిట్టల బెడద ఉంది, నిజమే. అంతకంటే పెద్ద కారణం, జొన్న కుప్ప పోస్తే దాని దగ్గరికి కాంటా రాదు. మద్దతు ధర 22 పంటలకు ఉంది. మన ఊళ్లో కాంటా తప్పకుండా వచ్చేది ఒక్క వరికే. దేశంలో సర్కారు సంస్థలకు మద్దతు ధరకు అమ్ముకోగలిగిన రైతులు నూటికి ఆరుగురేనని కేంద్రం వేసిన శాంతకుమార్ కమిటీ 2015లో తేల్చింది. వరి వేసిన తెలంగాణ రైతు ఆ ఆరుగురిలో చేరిపోయాడు. చేరినవాడు బయటికి ఎందుకు వస్తాడు?

రైతు వరి వేస్తూ కొనుక్కుంటున్నది భరోసా. ఆ భరోసాకు తన భూమితో, తన బోరుతో వెల కడుతున్నాడు. కిలో బియ్యం వెనక మూడు నుంచి ఐదు వేల లీటర్ల నీళ్లుంటాయంటారు. వానకాలంలో ఆ నీళ్లు ఆకాశం ఇస్తుంది. యాసంగిలో భూమి ఇవ్వాలి. మొన్న యాసంగిలో ఈ జిల్లాలోనే బోర్లు ఎత్తిపోతే, పొట్టకొచ్చిన మడుల్లోకి గొర్లను తోలిన రైతులను చూశాం. వాళ్లకు ఎవుసం తెలియక కాదు. కొనేవాడున్న పంట అదొక్కటే అని తెలిసే వేశారు.

ఎకరం లెక్క

ఒక ఎకరం లెక్క వేద్దాం. ఇది నేను అనుకుని వేస్తున్న లెక్క, మీ మడితో సరిచూసుకోండి. దున్నకం, కరిగట్టు 5,500 అనుకుందాం. విత్తనం, నారు 1,500. నాటు కైకిలి 5,000. ఎరువులు 4,500. కలుపు, మందులు 3,500. కోత మిషన్ 3,000. ఆరబోత, ట్రాక్టరు, హమాలీ 3,000. మొత్తం 26,000. దిగుబడి 24 క్వింటాళ్లయితే, 2,389 చొప్పున 57,336 రూపాయలు. సొంత భూమి ఉన్నవాడికి మిగిలింది 31,336. మూడెకరాలైతే ఆరు నెలలకు 94 వేలు, అంటే నెలకు పదిహేను వేల పైచిలుకు. అది ఒక్కడి సంపాదన కాదు, ఆలుమగలిద్దరిది. ఇంట్లోవాళ్లు గట్టు మీద నిలబడ్డ పొద్దులకు ఈ లెక్కలో కూలి లేదు.

ఇప్పుడు అదే మూడెకరాలను ఎకరానికి 14,000 కౌలు కట్టి చేసే మనిషిని తీసుకోండి. ఎకరానికి మిగిలేది 17,336. నెలకు ఎనిమిది వేల ఆరు వందలు. పంట ఎండితే, వడగండ్లు పడితే, కౌలు మాత్రం తప్పదు. పెట్టుబడి సాయం 2018లో ఎకరానికి నాలుగు వేలతో మొదలై ఇప్పుడు సీజనుకు ఆరు వేలయింది. అది పట్టాదారు ఖాతాలో పడుతుంది. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలని 2011లో చట్టమే చేశారు. ఆ కార్డు చూసినవాళ్లు ఈ సభలో ఉంటే చేయెత్తండి.

ఐలమ్మ కౌలురైతు. దండలేసేటప్పుడు ఈ సంగతి మరిచిపోతాం. ఆమె ఇవ్వాళ బతికుండి నాలుగెకరాలు చేస్తుంటే పెట్టుబడి సాయం ఆమెకు రాదు. ఆన్‌లైన్‌లో పంట పట్టాదారు పేరున ఎక్కితే, వడ్ల పైసలు కూడా ఆయన ఖాతాలోకే పోతాయి. ఆ పైసల కోసం ఆమె మళ్లీ ఒక గడప ముందు నిలబడాలి.

మద్దతు ధర ఖర్చు మీద ఒకటిన్నర రెట్లు అంటారు. 2025-26లో వరికి కేంద్రం చూపిన ఖర్చు క్వింటాలుకు 1,579. అందులో సాగు ఖర్చు, ఇంటిల్లిపాది చాకిరీ ఉన్నాయి. సొంత భూమికి కౌలు విలువ, సొంత పెట్టుబడికి వడ్డీ లేవు. ఆ రెండూ ఖర్చులో కలిపి, దాని మీద ఇంకో సగం ఇవ్వమని రైతు సంఘాలు అడుగుతున్నాయి. భూమికి విలువ కట్టని ధర భూమిని కాపాడుకోమని ఎవరికీ చెప్పలేదు.

కిలో తరుగు

ధర గురించి ఢిల్లీ దాకా కొట్లాడతాం. తూకం దగ్గర నోరు మూసుకుంటాం. ఈ అలవాటు మీద నాకు కోపం.

బస్తా నలభై కిలోలు. సంచి బరువు సరే, అది కలపాలి. ఆ పైన తాలు ఉందని, తేమ ఉందని, మిల్లు దించుకోదని ఇంకో కిలో, కొన్నిచోట్ల రెండు కిలోలు. ఒక ఏడు మా వడ్లు ఒక సెంటర్లో పోసి పద్దెనిమిది రోజులు కావలి పడుకున్నాను. పగలు వడ్లు నేర్పడం, మబ్బు పడితే కుప్ప చేసి పరదా కప్పడం. తేమ మిషన్ కొనే హద్దు పదిహేడు శాతం చూపించిన రోజు సంచులు లేవు, సంచులు వచ్చిన రోజు లారీ లేదు, లారీ వచ్చిన రోజు వాన. ఆఖరుకు కాంటా అయ్యే వేళకు ఎన్ని కిలోలు కోస్తారో కోసుకోండని నేనే అన్నాను. తరుగు మన మీద వేసేది కాంటా పట్టినవాడొక్కడే కాదు, మన అలసట కూడా.

ఆ అలసట వెల చూద్దాం. 24 క్వింటాళ్లంటే 60 బస్తాలు. బస్తాకు కిలో పోతే 60 కిలోలు, అంటే ఎకరానికి 1,433 రూపాయలు. రెండు కిలోలు పోతే 2,867. సర్కారు ఇచ్చే ఆరు వేల సాయంలో దాదాపు సగం కాంటా దగ్గరే రాలిపోతుంది. కేంద్రం 2025-26లో మద్దతు ధరను క్వింటాలుకు 69 రూపాయలు పెంచింది. 24 క్వింటాళ్లకు ఆ పెంపు 1,656. కిలోన్నర తరుగు ఆ పెంపును మొత్తం మింగి ఇంకా అడుగుతుంది.

సెంటర్ నడిపే అక్కలను తప్పు పట్టడం తేలిక. వాళ్లకు దక్కేది క్వింటాలుకు 32 రూపాయల కమీషన్. తూకం తమ దగ్గర అయిపోయాక మిల్లు దగ్గర మళ్లీ కోత పడితే ఆ భారం మోయలేక ముందే జాగ్రత్త పడతారు. 2024 ఏప్రిల్‌లో మన జనగామ మార్కెట్ యార్డులో మద్దతు ధరకంటే బాగా తక్కువకు కొన్న వ్యాపారుల మీద కేసులు పెట్టాలని అధికారులు ఆదేశించారు. అధికారి నిలబడితే తూకం నిలబడుతుందని ఆ రోజు తేలింది. రోజూ నిలబడే ఏర్పాటే కావాలి.

మిల్లులో వేసవి

వడ్లు మిల్లుకు చేరాయి. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలన్నది లెక్క. ఆడించినందుకు కేంద్రం లెక్కలో మిల్లుకు క్వింటాలుకు పచ్చి బియ్యమైతే పది రూపాయలు, ఉప్పుడు బియ్యమైతే ఇరవై. ఇంత తక్కువకు ఎవరు ఆడిస్తారని ఆశ్చర్యపోకండి. తవుడు, ఊక, నూకలు మిల్లువే. మిల్లు ఆదాయం ఆడింపు కూలిలో కంటే మిగులులో ఎక్కువ ఉంది.

యాసంగి వడ్లతో ఇంకో చిక్కు. ఏప్రిల్, మే ఎండలకు గింజ లోపల పగుళ్లు వస్తాయి. పచ్చిగా ఆడిస్తే నూక అవుతుంది. అందుకే నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. అది మనం తినం. తినే రాష్ట్రాల అవసరం తగ్గిందని కేంద్రం 2021లో చేతులెత్తేసింది. ఇక ముందు ఉప్పుడు బియ్యం ఇవ్వబోమని ఆ అక్టోబరులో రాష్ట్రంతో రాయించుకుంది. ‘వరి వేస్తే ఉరి’ అన్న మాట ఊరూరా తిరిగింది. 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రే ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు, మర్నాడు యాసంగి వడ్లు కొంటామని రాష్ట్రం ప్రకటించింది. రాజకీయం పక్కన పెడితే మిగిలే నిజం ఇది: మనం తినని గింజను, ఎక్కడో తినేవాడిని నమ్ముకుని, మన నీళ్లతో పండించాం. తినేవాడు ముఖం తిప్పుకున్న రోజు మన కుప్పకు విలువ లేకుండా పోయింది.

ఈ గింజను ఎత్తే చేతులు కూడా మనవి కావు. 2020 మే నెలలో లాక్‌డౌన్ వల్ల వలస కూలీల రైళ్లన్నీ ఇళ్లవైపు పోతుంటే, ఒక రైలు ఎదురు వచ్చింది. మే 8న బిహార్‌లోని ఖగారియా నుంచి రెండు వందల పైచిలుకు మంది మిల్లు హమాలీలు లింగంపల్లిలో దిగారు. వాళ్లు రాకపోతే మన బియ్యం మిల్లు దాటదు. నాట్లకు కూడా ఇప్పుడు ఉత్తరాది ముఠాలు వస్తున్నాయి.

తినే నోరు

ఇక తిండి దగ్గరికి వద్దాం. 2011 లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో మూడున్నర కోట్ల మంది. తలకు నెలకు పది కిలోలు తింటారనుకుంటే ఏడాదికి 42 లక్షల టన్నుల బియ్యం, అంటే 63 లక్షల టన్నుల వడ్లు. పండేది 2.6 కోట్ల టన్నులు. మనం తినేది నాలుగో వంతు. మిగతా మూడు వంతులు ఎవరో తినాలి.

ఎవరు తింటున్నారు? కొంత ఫిలిప్పీన్స్‌కు పోయింది. 2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి 12,500 టన్నుల మొదటి ఓడను పంపారు. కొంత అమెరికాలో మన పిల్లలు తింటున్నారు. 2023 జూలై 20న తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం ఆపగానే అక్కడి దుకాణాల ముందు తెలుగువాళ్లు సోనామసూరి బస్తాల కోసం వరస కట్టిన దృశ్యాలు మీ ఫోన్లలోనూ చూశారు. కొంత మనుషులు తినను కూడా తినరు. ఆహార సంస్థ కొని, ఆడించి, నిల్వ చేసే బియ్యానికి కిలోకు నలభై రూపాయలకు అటూ ఇటూగా ఖర్చవుతోంది. అదే బియ్యాన్ని 2025లో ఇథనాల్ ఫ్యాక్టరీలకు కిలో 22 రూపాయల 50 పైసలకు ఇచ్చారు. నీళ్లు తోడి, గింజ చేసి, ఆ గింజను పెట్రోలులో కలుపుతున్నాం. ఇది తప్పని ఒక్క మాటలో తేల్చను. దీని బిల్లులో మన బోరు ఖర్చు లేదని మాత్రం చెబుతాను.

ఊళ్లో తినేవాళ్ల సంగతి వేరు. మన కొడకండ్లలో మడి చేసే ఇళ్లే కాదు, మగ్గం నేసే ఇళ్లూ ఉన్నాయి. రైతుకు వడ్ల ధర ఆదాయం, నేతన్నకు బియ్యం ధర ఖర్చు. ఒకే బజారులో ఎదురెదురు ఇళ్లు. ఒకరి ధర పెరిగితే ఇంకొకరి కంచం చిన్నదవుతుంది. ఈ రెండు ఇళ్ల నడుమ తేడాను సర్కారు భరించాలన్న ఆలోచనే రేషన్ బియ్యం. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో ఇచ్చారు, 2008లో వైఎస్ మళ్లీ ఆ ధర తెచ్చారు, 2015 నుంచి తెలంగాణలో కిలో రూపాయి చొప్పున తలకు ఆరు కిలోలు, 2023 నుంచి ఉచితం. గట్క తిన్న నా తరానికి ఇది చిన్న విషయం కాదు. మూడు పూటలా వరి బువ్వ కలిగినోళ్ల గుర్తుగా ఉన్న ఊళ్లో ఆ గుర్తును చెరిపేసింది రేషన్ దుకాణం.

కానీ దొడ్డు బియ్యాన్ని ఎంతమంది వండుకున్నారు? గుమ్మం ముందుకు వచ్చినవాడికి కిలో పది, పన్నెండుకు పోశాం. ఆ పైసలకు ఇంకొన్ని కలిపి దుకాణంలో సన్న బియ్యం కొన్నాం. పోసిన బియ్యం తిరిగి మిల్లుకు చేరి, కొత్త బియ్యమై సర్కారు గోదాముకు పోయిన కథలు పేపర్లో చదివాం. దొడ్డు వడ్లు పండించిన రైతు కూడా అదే పని చేశాడు. గుమ్మి లేని ఇల్లు, వడ్లు లేని గుమ్మి. మా అవ్వ ఉంటే నవ్వేది: మడి మనదే, బియ్యం బజారువి.

కొడకండ్ల చెప్పిన పాఠం

2020 అక్టోబరు 31న ఇక్కడే, కొడకండ్లలో, రాష్ట్రంలోని తొలి రైతు వేదికను అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించారు. ఐదు వేల ఎకరాలకొక క్లస్టర్, మొత్తం 2,601 వేదికలు. ఆ ఏడు సన్నాలు వేయమన్నది సర్కారే. దోమ, తెగుళ్లు, వానలు తట్టుకుని సన్నాలు పండించిన రైతుకు దొడ్డు వడ్ల ధరే: 1,888. క్వింటాలుకు నూరు, నూటయాభై ఎక్కువ ఇయ్యాలని ఉన్నా, అలా ఇస్తే ఆహార సంస్థ బియ్యం తీసుకోదని ఆయన ఆ సభలో చెప్పారు. ఆ మాటలో నిజముంది. రాష్ట్రం బోనస్ ఇస్తే తన రేషన్ అవసరానికి మించి కేంద్ర నిల్వకు తీసుకోబోమని కేంద్రం 2014 నుంచే అంటోంది.

2024 వానకాలానికి సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ వచ్చింది. నాలుగేండ్ల కింద నూరు కుదరనిది ఇప్పుడు ఐదు వందలు ఎలా కుదిరింది? కేంద్రం మనసు మారలేదు. కొనడం ఎవరికోసమన్నది మారింది. 2025 మార్చి 30న, ఉగాది నాడు, హుజూర్‌నగర్‌లో రేషన్ కార్డులకు సన్న బియ్యం మొదలుపెట్టారు. రాష్ట్రం ఇప్పుడు సన్నాలు కొంటున్నది ఢిల్లీ గోదాము కోసం కాదు, మన కంచం కోసం. తినే నోరు దగ్గరికి వచ్చింది, ధరా దగ్గరికి వచ్చింది. సన్నాల్లో దిగుబడి రెండు క్వింటాళ్లు తగ్గి 22 వచ్చినా, 2,889 చొప్పున 63,558. దొడ్డుకంటే ఎకరానికి ఆరు వేలు ఎక్కువ. బోనస్ సకాలంలో పడితేనే ఈ లెక్క. యాసంగి బోనస్ కోసం ఇంకా ఫోన్ చూసుకుంటున్నవాళ్లు నా ఎదురుగానే ఉన్నారు.

నేను ఇవ్వాళ చెప్పదలచుకున్నది ఇదొక్కటే. పంటను నిలబెట్టేది ధర కాగితం కాదు, ఆ పంటను తినే మనిషి ఎంత దగ్గర ఉన్నాడన్నది. వరికి ఈ పని సగం జరిగింది. మిగతా పంటలకు మొదలే కాలేదు. మన అంగన్‌వాడీలు, హాస్టళ్లు, బడుల మధ్యాహ్న భోజనం రోజూ వేల కంచాలు పెడుతున్నాయి. వారానికి రెండు పూటలు జొన్న రొట్టె, రోజూ మన కందిపప్పు పెట్టాలని నిర్ణయించి, వాటిని ఇదే మహిళా సంఘాలు ఇదే కాంటాతో కొంటే, చెలక మళ్లీ చెలక అవుతుంది. వరి తగ్గించమని రైతుకు ఎన్ని సభల్లో చెప్పినా తగ్గించడు. జొన్న కుప్ప దగ్గరికి కాంటా వచ్చిన రోజు ఎవరూ చెప్పకుండానే యాసంగిలో సగం మడి వదిలేస్తాడు.

సర్కారును రెండు అడుగుదాం. సెంటర్లో అయిన తూకమే ఆఖరు తూకం కావాలి, మిల్లు దగ్గర కోత ఉండకూడదు. సాగు చేసే మనిషి పేరు మీదే పంట ఎక్కాలి, ఆ ఖాతాలోనే పైసలు పడాలి. కౌలుకు చేసిన ఐలమ్మ పేరు విశ్వవిద్యాలయానికి పెట్టగలిగిన రాష్ట్రానికి, కౌలుదారు పేరు ఒక కంప్యూటర్‌లో ఎక్కించడం కష్టం కాదు.

మనల్ని మనం కూడా రెండు అడుగుదాం. బయట వరి ఇప్పుడు దుబ్బు కడుతోంది. యూరియా లైన్లో చెప్పులు పెట్టి ఈ సభకు వచ్చినవాళ్లున్నారు, మిమ్మల్ని ఎక్కువసేపు ఆపను. ఇంకో రెండు నెలలకు కల్లాలు నిండుతాయి. ఇంటికి ఏడాదికి సరిపడా సన్న వడ్లు పక్కకు తీసి, మిగిలినవే సెంటర్‌కు తోలండి. కాంటా దగ్గర మీ బస్తాలెన్నో, ఒక్కో బస్తా ఎన్ని కిలోలో మీ చేత్తో రాసిపెట్టుకోండి. రశీదు చేతికి రానిదే లారీ కదలనీయకండి.